నర్సింహకు పెట్టిన గట్క

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. వెట్టి చెయ్యమని ఊర్ల సంఘం లేచినంక దొర పట్నం పారిపోయిండు. ఆదివారం ప్రార్థనకు పోయి వెట్టికి రాలేదని నిన్ను కొరడాతోటి కొట్టిన దొర మనిషి నర్సింహకు, ఇప్పుడు ఊర్ల ఎవ్వలూ మంచినీళ్లు గూడ ఇస్తలేరు.

పొద్దున వాడు మన వాకిట్ల నిలవడ్డడు. "తమ్మీ, తినక రెండు పొద్దులాయె," అన్నడు. నేను కట్టె అందుకున్న. సంఘం కరపత్రాలన్నీ చదివినోణ్ని, గసొంటోని మీద జాలి తప్పనుకునేటోణ్ని. కానీ నువ్వు యాదికొచ్చినవు. వీపు మీద పుండ్లు మానకముందే వీని పేరు పెట్టి ప్రార్థన చేసేటోనివి. "ప్రార్థనల నా పేరెప్పుడన్న తీసినవా అన్నా?" అని అడిగితె, "నువ్వు నా పక్కనే ఉన్నవు గదరా," అని నవ్వినవు. ఆ నవ్వు నాకింకా మండుతనే ఉన్నది. దినదినం నువ్వు మంచోనివైతుంటె నేను ఎనుకనే ఉండిపోయిన.

కట్టె పక్కన పడేసి జొన్న గట్క పెట్టిన. ప్రేమతోటి కాదన్నా, నీ చేతుల ఓడిపోవద్దని.

వాడు రెండు ముద్దలు తిని, "మీ అన్న..." అని ఎక్కెక్కి ఏడ్చిండు. నిన్ను మట్టి చేసిననాడు గూడ నేను ఏడ్వలే. నాకన్న ముందు వాడు ఏడ్చిండు. అది ఓర్వలేక, ఇంకింత గట్క తెస్తనని లోపలికి వోయి, చానాసేపు బయటికి రాలే.