పొయ్యికో కుటుంబం

1984 జనవరి 9, సోమవారం

మెయిల్‌బాక్స్ మూత మంచుకి బిగుసుకుపోయింది. బూటు విప్పి దాంతోనే నాలుగు బాదితే ఊడింది. లోపల ఉత్తరం, సముద్రాల అవతల పోయినేడు నేను మూడు నెలలున్న లుబుక్ పాకు నుంచి. అక్కడి స్కూలు సఫ్రి మాస్టారి గుండ్రటి ఇంగ్లీషు చేతిరాత. వాకిట్లోనే చింపాను, డెట్రాయిట్ పక్కన ఈ ట్రాయ్ అంతా మంచులో కూరుకుపోయి ఉంటే ఒంటికాలి మీద నిలబడి.

ప్రాజెక్ట్ వాళ్ళు జాబితా చదివారట. డ్యామ్ నీళ్ళొస్తే ఊరు మునుగుతుంది, కొండ మీద కొత్త కాలనీలో నలభై ఒక్క ఇళ్ళే ఇస్తాం అన్నారట. నాకు అన్నం పెట్టిన రోస్నా ఇంటికి ఒకటి. ఆమె చెల్లెళ్ళిద్దరికీ ఏమీ లేదు.

చిన్న చెల్లెలి మొగుడు ఇద్రుస్ కత్తి తీశాడు. రోస్నా మొగుణ్ణి మెట్ల మీదే నరికాడు. అడ్డం పెట్టిన చేతి మీద రెండు, మెడ మీద ఒకటి. ఆయన నదిదాకా పాకి, పడవల రేవులో పోయాడట.

ఇద్రుస్! రోజూ పొద్దున్నే పడవలో నన్ను అవతలి ఒడ్డుకి దింపి, "అక్కా, జారుతుంది, జాగ్రత్త" అనేవాడు.

ఆ జాబితా రాసింది నేను.

జనవరి 10

పప్పు మాడబెట్టాను. మా ఆయన మూర్తి లేచి కిటికీ తీశాడు, అంతే.

జనవరి 12

ఎక్కడ తప్పు జరిగిందో తెలిసిపోయింది. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా నాన్నా బాబాయీ వేరుపడిన రోజు అమ్మ పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. అంతే, రెండు కుటుంబాలయ్యాం. ఒక్క కాగితం రాసుకోలేదు. ఆ తరవాత ఉద్యోగంలో చేరి కృష్ణ ఒడ్డున మునక గ్రామాల్లో లెక్కలు రాసినప్పుడూ అదే పద్ధతి. పొయ్యికో కుటుంబం. ఎవరింట్లోకి వెళ్ళినా తిన్నగా వంటగదిలోకి నడవడం, పొయ్యిలు చూడడం, రాసుకోవడం. మగవాళ్ళకి వంటగదిలోకి ప్రవేశం ఉండదు కాబట్టే ఈ పనికి నన్ను పెట్టుకున్నారు ఇక్కడి కంపెనీ వాళ్ళు కూడా. ఎంత గర్వమో నాకు!

లుబుక్ పాకులో ఇల్లు ఆడవాళ్ళది. పెళ్ళయితే మొగుడే వచ్చి పెళ్ళాం గదిలో ఉంటాడు. రోస్నా, ఇద్దరు చెల్లెళ్ళు — మూడు గదులు, ముగ్గురు మొగుళ్ళు, మూడు రబ్బరు తోటలు, ఎవరి పిల్లలు వాళ్ళకి. పొయ్యి మాత్రం ఒక్కటి. అక్కడ వేరే పొయ్యి పెట్టుకోవడమంటే రక్తసంబంధం తెంచుకున్నట్టు. తలెత్తుకోలేరు.

"ఎన్ని పొయ్యిలు?" అని అడిగాను. రోస్నా ఛాతీ విరుచుకుని చెప్పింది — "ఒక్కటే! మా అమ్మ కాలం నుంచీ ఒక్కటే!"

శభాష్ అని ఒకటి రాసుకున్నాను.

జనవరి 16

ఆఫీస్. మా బాస్ కార్ల్ గదికి వెళ్ళి చెప్పాను. నలభై ఒకటి తప్పు, మళ్ళీ లెక్కపెట్టాలి, డ్యామ్ గేట్లు దించేది ఏప్రిల్‌లో, ఇంకా టైముంది.

కార్ల్ నా ముందు షీట్లు పరిచాడు. ప్రతి షీటు కిందా నా సంతకం. "నువ్వే కదా సైన్ చేశావ్ సుధా." సెకండ్ ఫేజ్ కాంట్రాక్ట్ మార్చిలో వస్తుందట. ఇప్పుడు మా లెక్క తప్పంటే ఎవడిస్తాడు? ఇక నరుక్కోవడం అంటావా — "అది వాళ్ళ ఇంటి గొడవ."

బల్ల మీద ఇత్తడి పేపర్‌వెయిట్. చేతిలోకి తీసుకున్నాను. నిజం రాస్తున్నాను — వాడి ముక్కు మీదకి గురి కూడా చూసుకున్నాను. మళ్ళీ పెట్టేశాను.

జనవరి 18

వాళ్ళు డ్యామ్ వద్దనలేదు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. కరెంటొస్తుందని సంబరపడ్డారు. ఇద్రుస్ పెళ్ళాం యుస్ని కొత్త కాలనీలో రోడ్డు మీద కొట్టు పెడతానంది. సబ్బులు, కిరోసిన్, పిల్లలకి బిస్కెట్లు. "రోడ్డు మీదికే గుమ్మం ఉండేట్టు రాయి అక్కా" అంది నాతో. రాస్తానన్నాను.

జనవరి 21

రెండో ఉత్తరం.

ఇద్రుస్‌ని సైనికులు పట్టుకున్నారు. స్కూల్లో పెట్టి తుపాకి మడమలతో కొట్టారు. సఫ్రి మాస్టారు మర్నాడు పిల్లలొచ్చే లోపల నేల కడిగాడట. మూడో రోజు ఆడవాళ్ళు స్నానాలు చేసే రేవుకి శవం కొట్టుకొచ్చింది. చేతులు వెనక్కి విరిచి కట్టేసి. జుట్టు పట్టుకుని యుస్నీయే ఒడ్డుకి లాగింది. ఎవరూ సాయం పట్టలేదు.

ఆ సాయంత్రమే రోస్నా మొగుడి అన్నదమ్ములు వచ్చి, ఇద్రుస్ ఉన్న ఇల్లని తగలబెట్టారు. మూడు గదులూ పోయాయి. దోమతెర లాగబోయి రోస్నాకి రెండు అరచేతులూ కాలాయి. పొయ్యి రాళ్ళు మిగిలాయట.

చివర్లో మాస్టారు రాశాడు — లెక్క తప్పని రాసిన మనిషే ఒప్పుకుంటే ప్రాజెక్ట్ వాళ్ళు మళ్ళీ లెక్కపెడతారట. లేకపోతే లేదు. తక్కిన ఇళ్ళల్లో కూడా కత్తులు నూరుతున్నారు మేడమ్...

జనవరి 22, ఆదివారం

రాస్తాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

డ్యామ్‌కి డబ్బిచ్చే బ్యాంకు వాషింగ్టన్‌లో ఉంది, వాళ్ళకే తిన్నగా రాస్తానన్నాను. మూర్తి పేపర్ మడిచి పక్కన పెట్టాడు. "నన్ను లే ఆఫ్ చేసి ఏడాదిన్నర. మన గ్రీన్ కార్డ్ నీ కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద ఉంది. లేబర్ సర్టిఫికేషన్ ఇవాళో రేపో. తెలుసా నీకు? తెలిసే మాట్లాడుతున్నావా?"

తెలుసన్నాను. ఇద్దరు చచ్చిపోయారన్నాను.

"చచ్చినవాళ్ళు నీకేమవుతారు?"

"నీకంటే ఎక్కువే అవుతారు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను.

కొట్టాడు. చెంప మీద ఒకటి. తల ఫ్రిజ్‌కి తగిలింది. రెండోసారి చెయ్యెత్తాడు, నా చేతిలో అట్లకాడ ఉంది. పెనం మీంచి తీసిందే. దాని అంచుతో కొట్టాను. కనుబొమ్మ తెగింది. రక్తం కంట్లోకి కారుతుంటే నాకేసి అలాగే చూశాడు, నేనెవరో తెలియనట్టు. పొయ్యి మీద అట్టు మాడిపోతోంది. నాకు భయం వెయ్యలేదు. ఇంకోటి వెయ్యాలనిపించింది. అదే భయం ఇప్పుడు.

ఆయన్ని నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళి కుట్లు వేయించుకొచ్చాను. మూడు.

జనవరి 23

స్నేహితురాలు పద్మ ఫోన్. "ఏమే, మూర్తిగారికి కుట్లేమిటి?" మంచు మీద జారాడన్నాను. "మరి నీ చెంప?" ఎవరు చెప్పారో దీనికి! ఫ్రిజ్ డోర్ అన్నాను.

మూర్తి తన పక్క కింద బేస్‌మెంట్‌లోకి మార్చుకున్నాడు.

జనవరి 29

తప్పని ఒప్పుకుంటే చాలదు. ఒప్పేమిటో చూపించాలి. షీట్లలో పొయ్యిలు తప్ప ఏమీ లేవు. తల పట్టుకుని కూర్చుని ఈ డైరీయే వెనక్కి తిప్పాను. పోయిన జూలై.

"ఇవాళ తొమ్మిది ఇళ్ళు. ఊళ్ళో ఏ గది చూసినా దోమతెరే. ఆలుమగలకి ఒకటి చొప్పున. కిందికి దించి ఉంటే లోపల మొగుడున్నట్టు, దగ్గడం మర్యాద! లెక్కపెట్టాను, ఇవాళ ఇరవై నాలుగు."

ఏం తోచక, నవ్వులాటకి రాసుకున్నది. లెక్కకెళ్ళిన ప్రతి రోజూ రాశాను! ఇంటి పేరు, పొయ్యిలు, పక్కనే దోమతెరలు. సెప్టెంబర్ దాకా. మూడుసార్లు కూడాను.

పొయ్యిలు నలభై ఒకటి. దోమతెరలు నూట తొమ్మిది.

ఒళ్ళు మండిపోయింది. కళ్ళారా చూశానే! చూసి, నవ్వుకుని, వంటగదిలోకి పోయి "ఒకటి" అని రాశానే! డైరీ గోడకేసి కొట్టాను. అట్ట ఊడింది. టేపు వేశాను.

ఫిబ్రవరి 2

జూలై, ఆగస్ట్, సెప్టెంబర్ పేజీలు ఫొటోస్టాట్ తీయించాను. పక్కన ఇంగ్లీషు టైప్ చేసి, తప్పు నాదని పైన రాసి, సంతకం పెట్టి వాషింగ్టన్‌కి పోస్ట్ చేశాను. సఫ్రి మాస్టారికి ఒక కాపీ. కార్ల్ బల్ల మీద ఒకటి — దొంగచాటుగా చేశాననిపించుకోకూడదు.

మూర్తికి చెప్పాను. బేస్‌మెంట్ మెట్ల పైనుంచే. కింద ఏదో గాజుది పగిలిన చప్పుడు.

ఫిబ్రవరి 8

ఉద్యోగం పోయింది. పావుగంట ఇచ్చారు సామాన్లు తీసుకోవడానికి. "యూ ఆర్ నాట్ ఎ టీమ్ ప్లేయర్" అన్నాడు కార్ల్. పేపర్‌వెయిట్ బల్ల మీద లేదు. సొరుగులో దాచినట్టున్నాడు. నవ్వొచ్చింది.

మూర్తి కారులో ఒక్క మాటే అన్నాడు: "హ్యాపీయేనా?"

ఫిబ్రవరి 13

రోస్నా కబురు. ఆమెకి రాయడం రాదు. చేతులు కాలినాక అసలే రాదు. మాస్టారే రాశాడు, ఆమె చెప్పినట్టే రాస్తున్నానని పైన రాసి మరీ.

"మూడు నెలలు నా పొయ్యి మీద వండింది తిన్నావు. నీ లెక్క ప్రకారం నువ్వూ మా ఇంటిదానివే. మా ఇంట్లోవాళ్ళు నరుక్కుంటుంటే నువ్వెక్కడున్నావ్?"

వెనకవైపు ఏమీ లేదు. తిప్పి తిప్పి చూశాను.

ఫిబ్రవరి 14

ఏడ్చాను. బాగా ఏడ్చాను. మూర్తి టీ పెట్టి మెట్ల మీద ఉంచి వెళ్ళాడు. తాగాను.

ఫిబ్రవరి 20

బ్యాంకు నుంచి ఫోన్. ఒకావిడ. మర్యాదగానే మాట్లాడింది. ఉత్తరం చూశారు. కానీ కార్ల్ వాళ్ళకి రాశాడట — ఈ పేజీలు మొన్న కూర్చుని కల్పించినవి, కంపెనీ మీద కక్షతో. ఫొటోస్టాట్ చాలదు. అసలు పుస్తకం కావాలి. మొత్తం, మొదటి పేజీ నుంచి చివరిదాకా. తెలుగు చదివే మనిషిని వాళ్ళే పిలిపిస్తారు. వచ్చే మంగళవారం. కార్ల్ కూడా వస్తాడు. నమ్మితే గేట్లు దించే లోపల మళ్ళీ లెక్క.

"ఒక్క పేజీ తక్కువున్నా కష్టం మేడమ్" అంది.

ఫిబ్రవరి 21

మూర్తికి అర్థం కావడానికి క్షణం పట్టలేదు. జనవరి 22 ఇందులోనే ఉంది.

"చదివేది మనవాళ్ళెవరో అవుతారు. వాషింగ్టన్‌లో చదివితే వారం తిరిగేసరికి డెట్రాయిట్ అంతా తెలుస్తుంది. పెళ్ళాన్ని కొట్టినవాడు. నాకు రేపెవడు ఉద్యోగం ఇస్తాడు? ఎవడింటికి భోజనానికి వెళ్ళను?"

నేను కొట్టింది కూడా ఉందన్నాను.

"అదింకా సిగ్గు." కుట్లు విప్పిన చోట గీత గీసినట్టుంది, మాట్లాడుతుంటే ఎర్రబడుతోంది. "ఆ ఒక్క పేజీ చింపెయ్ సుధా. కాళ్ళు పట్టుకుంటాను."

పట్టుకున్నాడు. నిజంగా వంగి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. మోకాలు ఆయన గడ్డానికి తగిలింది. కావాలని కాదు. కాదనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 24

డైరీ కనబడలేదు గంటసేపు. ఇల్లంతా పీకి పందిరేశాను. బేస్‌మెంట్‌లో ఆయన దిండు కింద దొరికింది. అన్ని పేజీలూ ఉన్నాయి. జనవరి 22 దగ్గర మూల మడతపెట్టి ఉంది. చదువుకున్నాడు. చింపలేదు.

మడత సాపు చేసి డైరీ పైకి తెచ్చుకున్నాను.

ఫిబ్రవరి 25

సఫ్రి మాస్టారి ఉత్తరం, రెండు వాక్యాలు. ఇంకో ఇంట్లో గొడవ. ఈసారి ఆడవాళ్ళే, రోకళ్ళతో.

ఫిబ్రవరి 27, సోమవారం

మధ్యాహ్నం ఫ్లైట్. సూట్‌కేస్‌లో రెండు చీరలు, కోటు. డైరీ ఇంకా ఒళ్ళోనే.

గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి ఉంది. ఎయిర్‌పోర్ట్‌కి నేను తీసుకెళ్తానన్నాడు మూర్తి. ఎందుకన్నాడో తెలియదు. హైవే మీద నన్ను కొట్టిన ఆ చెయ్యి స్టీరింగ్ మీద ఉంటుంది, డైరీ నా చేతిలో ఉంటుంది. దింపుతాడో, మధ్యలో లాక్కుని కిటికీలోంచి విసిరేస్తాడో... టాక్సీ పిలవచ్చు. ఫోన్ పక్కనే ఉంది.

హార్న్ కొట్టాడు. ఒక్కసారి, మెల్లిగా.

ఎవరైనా లెక్క రాసేవాళ్ళు మా ఇంటికొస్తే ఏం చూస్తారు? పైన ఒక పక్క, కింద ఒక పక్క. వంటగదిలో పొయ్యి ఒకటే. పొద్దున్న దాని మీదే ఇద్దరికీ ఉప్మా చేశాను. తిన్నాడు.

మళ్ళీ హార్న్. డైరీ మూసి, కారు దగ్గరికే వెళ్తున్నాను.