మగ ఎలుకల మీద ఒట్టు

ఎలుకల చదువు చదివే అనురాధకు, అరకు కొండ మీద నీకు అంబలి పోసిన ముసలిదాన్ని, మా మనవరాలు కనక చేత రాయిస్తున్నాను.

ఎండల్లో నువ్వు మా చేలో మగ ఎలుకలకు చెవిరింగులు పెట్టి వదిలావు. వానలకు, జతకట్టే వేళ, వాటి వట్టలు ఎలా దిగుతాయో చూసేదాకా చంపొద్దన్నావు. మీరు రాగులనే చోళ్లు, విత్తనానివి, గుప్పెట పట్టి నీకు ఒట్టేశాను. ఆ గుప్పెడూ మూటకట్టి దాచాను.

వానలు వచ్చాయి, నువ్వు రాలేదు. ఫోనూ ఎత్తవు. వట్టలు దిగాయి, బొరియల నిండా పిల్లలు. చోడి వెన్నులు కొరికేస్తున్నాయి. "ఏటి ముసలమ్మా, ఎలకలకు పెళ్లిళ్లు సేత్తన్నావా?" అంటున్నారు ఊళ్లోవాళ్లు.

మా ఆచారంలో, ఒట్టు వేయించుకున్న మనిషే వచ్చి, ఆ విత్తనం చేతిలోంచి తీసుకుంటేనే ఒట్టు తీరేది. అందాకా నేను బొరియ తవ్వకూడదు, లోపల రింగు ఎలుక చావొచ్చు. కర్ర పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

బేగి రా. పంటంతా పోయాక నాకు మిగిలేది ఆ ఒట్టు గుప్పెడే. దాన్నీ చల్లడానికి లేదు.