ఎనిమిది సున్నాలు

సిరిసిల్ల,
11-8-1990

సారుగారికి నమస్కారం.

మరమగ్గాల పని కొలవడం నాకు శిక్షణలో మీరే నేర్పారు. ఆ కొలతే ఒక మనిషిని పోలీసులకు పట్టించింది కనుక మీకే రాయవలసి వచ్చింది.

మంగళవారం పొద్దున పది, పన్నెండు మధ్య బోయినపల్లి దగ్గర అన్నలు మీటింగు పెట్టారట. మర్నాడు పోలీసులు మా షెడ్డుకు వచ్చి నా కాగితాలు చూశారు. మీరు చెప్పినట్టే పావుగంటకోసారి, మనిషి తన మగ్గం దగ్గర ఉంటే టిక్కు, లేకపోతే సున్నా పెట్టాను. చంద్రమౌళి పేరు ఎదుట ఆ మంగళవారం పది నుంచి పన్నెండు దాకా ఎనిమిది సున్నాలున్నాయి. ఆయనను తీసుకుపోయారు.

నిజానికి ఆయన అదే షెడ్డులో పక్క మగ్గం రాజమల్లు కొత్త పడుగు బీముకు పోగులు అతికిస్తున్నాడు. ఇక్కడ ఎవరికి బీము వచ్చినా పక్కవాళ్లు తమ మగ్గం ఆపి సాయం పడతారు. మీ నమూనాలో దానికి గడి లేదు.

ఠాణాకు పోయి చెప్పాను. "గడియారం చూసి నువ్వే రాసినవ్, నువ్వే కాదంటున్నవా?" అని ఎస్సై నవ్వాడు. రాజమల్లు భయంతో నోరు విప్పడం లేదు. చంద్రమౌళి భార్య రాధమ్మ మా గడపలో కూర్చుని, "మీ ఇంట్ల మొదలు సదివింది నువ్వే అని మురిసినం గద బిడ్డా, గిందుకేనా?" అంది.

ఆయన ఎక్కడున్నాడో ఎవరూ చెప్పడం లేదు. సున్నా అంటే షెడ్డులో లేడని కాదని మీ ముద్రతో రాసివ్వండి. అది చెల్లుతుందన్న నమ్మకం నాకూ లేదు. షెడ్డు సేటు కొలత ఆపొద్దన్నాడు. చంద్రమౌళి పేరు ఎదుట రోజంతా సున్నాలే పెడుతున్నాను.

వారం దాటితే ఆయన దొరుకుతాడో లేదో, పదిహేడో తేదీలోగా జవాబు రాయండి.