అక్కకి కిటికీ సీటు

మార్చి 11

మందుల షాపులో గొడవ పడి వచ్చాను. తప్పు నాది కాదు.

అక్కకి సన్‌స్క్రీన్ కావాలి. సోకుకి కాదు, డాక్టరు రాసిచ్చిన మందు. పోయిన చలికాలంలో బయటపడింది లూపస్. ఒంట్లో కాపలా కాయాల్సిన బలగం దొంగల్ని వదిలేసి ఇంట్లోవాళ్ళనే చితకబాదే జబ్బు. ఎండ తగిలితే రెచ్చిపోతుంది. ముందు చర్మం, తరవాత కీళ్ళు, అదుపు తప్పితే కిడ్నీలు. ఇక మీదట గడప దాటాలంటే నిండు చేతుల చొక్కా, గ్లోవ్స్, వెడల్పాటి టోపీ, ముఖానికి క్రీము.

షాపులో నాలుగైదు రకాలున్నాయి. తెల్లబరుస్తామని చెప్పని డబ్బా ఒక్కటీ లేదు. ఒకడు కాంతి అంటాడు, ఒకడు మెరుపు అంటాడు, అందరూ అనేది ఒకటే. ఎండ నుంచి కాపాడేది చాలు, తెలుపు చేసేది వద్దన్నాను. షాపతను నా వంక జాలిగా చూసి, రెండూ కలిసే వస్తాయి మేడం, తెలుపు ఫ్రీ అనుకోండి అన్నాడు.

ఫ్రీ అట! జబ్బు మనిషి మందు కొనుక్కోవాలంటే ముందు తన రంగుకి క్షమాపణ చెప్పుకోవాలా అని అడిగాను. వెనక నుంచి ఎవరో, అమ్మా, మీటింగు బయట పెట్టుకోండి, నాకు దగ్గు మందు కావాలి అన్నారు.

చివరికి వాటిల్లోనే ఒకటి కొన్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ డబ్బాల మీద పేపర్లో నా కాలమ్ నిండా దుమ్మెత్తి పోస్తున్నదాన్ని, సంచిలో వేసుకుని తెచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 12

అక్క క్రీము రాసుకుని చూసింది. ముఖం బూడిద రంగుకి తిరిగింది. నలుపు మీద ఆ తెల్లటి పూత ఎలా కలుస్తుందని ఆ తయారుచేసినవాళ్ళలో ఒక్కడికైనా అనుమానం రాలేదన్నమాట. నల్లవాళ్ళకి చర్మం ఉంటుందని తోస్తేగా.

అక్క అద్దంలో చూసుకుని, అమ్మ ఉంటే సంబరపడిపోయేదే, పెద్దది ఇన్నాళ్ళకి రంగు తేలిందని అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

అమ్మ దాన్ని ఎండలోకి పోనిచ్చేది కాదు. నల్లబడతావు, ఉన్న నలుపు చాలు అనేది. అక్క స్కూల్లో త్రోబాల్ బాగా ఆడేది. అమ్మ వెళ్ళి టీచరుతో మాట్లాడి వచ్చింది. అంతే, మర్నాటి నుంచి అక్కని వరండాలో కూర్చోబెట్టి స్కోరు రాయించారు. అక్క పుట్టిన ఏడేళ్ళకి నేను పుట్టాను, ఓ పిసరు తక్కువ నలుపుతో. నేను మిట్టమధ్యాహ్నం దాకా ఆడినా ఎవరూ ఏమనలేదు. పెద్దయ్యాక అక్క ప్రింటింగ్ ప్రెస్‌లో చేరి ట్యూబులైటు కింద ప్రూఫులు దిద్దింది. రిటైరయింది. ఇప్పటికైనా నాలుగు ఊళ్ళు చూద్దామనుకునేసరికి ఈ జబ్బు.

అప్పుడు రంగు కోసం నీడ. ఇప్పుడు ప్రాణం కోసం నీడ. ఎవరిమీద కేసు వెయ్యాలి నేను?

ఎల్లుండి మేం వెళ్ళే టూర్ దాని కోరిక. వసంతంలో ఓ మహానగరం చూడాలట, వీధుల నిండా చెట్లు పూసి ఉంటాయట. డాక్టరు ఒళ్ళు కప్పుకుని వెళ్ళమన్నాడు. వెళ్తాం. చూస్తాను ఎవరు ఆపుతారో.

మార్చి 14, సాయంత్రం 7

చేరాం. హోటల్ గది చిన్నది, మంచాలు గట్టివి, కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. ఊరు మాత్రం అక్క చెప్పినట్టే ఉంది. పేవ్‌మెంటు మీద రాలిన పూలు చెప్పులకి అంటుకుంటున్నాయి. చల్లటి గాలి. అదే మోసం. గాలి చల్లగా ఉందని అందరూ పొట్టి చేతులతో, ముఖాలు పైకెత్తుకుని తిరుగుతున్నారు. వేసవిలో ఎండ తిట్టి కొడుతుంది, వసంతంలో బుజ్జగిస్తూ కొడుతుంది.

అందరిలో అక్క ఒక్కతే తల నుంచి కాలి దాకా కప్పుకుని ఉంది. మా గ్రూపులో బ్యాంకు నుంచి రిటైరైన ఒకాయన ఉన్నాడు. బ్యాంకాయన అంటున్నారు అందరూ. అక్కని ఎగాదిగా చూసి, ఏం తల్లీ, ఈ వయసులో కూడా రంగు కాపాడుకుంటున్నావా అన్నాడు. నలుగురు కిసుక్కుమన్నారు. అక్క తొణక్కుండా, ఉన్నది పోగొట్టుకోవడం ఎందుకండీ, మళ్ళీ ఇలాంటిది దొరుకుతుందా అంది. ఈసారి అందరూ గట్టిగానే నవ్వారు, ఆయన తప్ప.

అక్కడితో ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. అది జబ్బని, ఎండ పడదని, ఒక ఆడమనిషి కప్పుకున్నా విప్పుకున్నా మీరే తీర్పు చెప్పాలా అని హోటల్ లాబీ అదిరేలా అడిగాను. గదిలోకి వచ్చాక అక్క, నేను గెలిచాను కదే, మళ్ళీ నువ్వెందుకు ఆడావు అంది. నన్ను చిన్నప్పటి నుంచీ మైకు అని పిలుస్తుంది. మైకూ, ఇక పడుకో అంది.

మార్చి 15, ఉదయం 8

బస్సులో అక్కకి నడవ పక్క సీటు ఇచ్చారు. అదీ వెనక. వీళ్ళ సంగతి చూస్తాను.

మార్చి 15, సాయంత్రం

చూశాను. గెలిచాను. రాసిపెట్టుకోవాలి.

ఈ టూర్ బస్సుకి పక్కలంతా అద్దాలే, నేల నుంచి పైకప్పు దాకా. వ్యూ కోసం కర్టెన్లు పీకేశామని టూర్ మేనేజరు గొప్పగా చెప్పాడు. ముందు బుక్ చేసుకున్నవాళ్ళకి కిటికీ పక్క సీట్లట. బాగుంది. ఊరంతా నడిచి చూడగలవాళ్ళకి కిటికీ. దిగిన ప్రతిచోటా నీడ వెతుక్కుని నిలబడే మనిషికి, బస్సులోంచి తప్ప ఊరు చూసే దారిలేని మనిషికి, ముందు సీటువాడి బట్టతల! ఇదేం న్యాయమని అడిగాను. మేనేజరు రూల్ అన్నాడు. రూల్ ఎవరు రాశారన్నాను. మీరు ముందు కూర్చోండి మేడం అన్నాడు. నేను కూర్చుంటే బస్సు కదులుతుంది, అందుకని కూర్చోనన్నాను.

బ్యాంకాయన కలగజేసుకున్నాడు. ఎండ పడదని నిన్న నువ్వే కదమ్మా అరిచింది, మళ్ళీ కిటికీ పక్కన ఎందుకు అన్నాడు. ఎండ పడనంత మాత్రాన లోకం కూడా చూడకూడదా అన్నాను. వెనక సీట్లోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. దాంతో ముందు వరసలో ఒకావిడ తన సీటు ఇచ్చేసింది.

అక్క నా కొంగు పట్టి లాగుతూనే ఉంది. నాకు ఇక్కడే బాగుందే, గొడవ వద్దే అంటూనే ఉంది. దానికేం తెలుసు, వద్దు అనడం తప్ప అదేం నేర్చుకుంది కనక. భుజం పట్టి కూర్చోబెట్టాను. అద్దాలు మూసి ఉన్నాయి, ఏసీ ఉంది, ఇక ఆ టోపీ తియ్, ముఖం మీద ఆ బూడిద తుడుచుకో అన్నాను. ఏమీ కాదు కదా అంది. అద్దం ఉంది కదక్కా అన్నాను.

రోజంతా అక్కడే కూర్చుంది. వంతెనలు, గడియారం స్తంభం, పూసిన చెట్ల వరసలు. ఎడమ చెంప అద్దానికి ఆనించి చూస్తూ ఉండిపోయింది. గ్లోవ్స్ తీసేసి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. దాని ముఖం మీద ఎండ పడగా చూడటం ఇదే మొదటిసారేమో నేను. ఎంత బాగుందో మా అక్క.

మార్చి 16, ఉదయం 6

అక్క ఒళ్ళు కాలిపోతోంది. ఎడమ చెంప, ఎడమ చెయ్యి. కుడివైపు ఏమీ లేదు.

మార్చి 16, మధ్యాహ్నం, క్లినిక్ బెంచీ మీద

మేనేజరుని పిలిచి చూపిస్తే, ఎరుపేమీ కనిపించట్లేదే మేడం అన్నాడు. కనిపించదు. నలుపు మీద ఎరుపు ఎలా కనిపిస్తుంది? ఊదా రంగుకి తిరిగింది, ముట్టుకుంటే పెనంలా ఉంది. చెయ్యి వేసి చూడరా అన్నాను. రా అన్నందుకు వాడికి కోపం వచ్చింది. టాక్సీ నేనే పిలుచుకున్నాను.

ఈ క్లినిక్ గోడ మీద చర్మరోగాల చార్టు ఉంది. అన్ని మచ్చలూ గులాబీ రంగు చర్మం మీదే. మా అక్కలాంటి ముఖం ఆ చార్టులో ఒక్కటి లేదు. రంగు అమ్ముకునేటప్పుడు మేం కనిపిస్తాం. రోగం వస్తే కనిపించం.

అక్క వేళ్ళు ముడవలేకపోతోంది. గ్లాసు పట్టుకోలేకపోతే నేనే నీళ్ళు తాగించాను.

మార్చి 16, సాయంత్రం

డాక్టరమ్మ చిన్న వయసుది, గట్టిది. చూడగానే, ఎండలో ఎంతసేపు ఉన్నారంది. ఎండలో అసలు లేదండీ, బస్సులో అద్దం పక్కన ఉందని నేనే చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. మామూలు అద్దం ఎండలో పైపైన కాల్చే రకం కిరణాల్ని చాలావరకు ఆపుతుందట. లోపలికి దిగే రకాన్ని వదిలేస్తుందట. ఈ జబ్బున్నవాళ్ళకి అది చాలట. అద్దం ఉంది కదా అని ఎవరు చెప్పారు మీకు అంది.

నేను నోరు తెరిచేలోపు అక్క, సీటు అదే వచ్చిందండీ అంది.

కిడ్నీల మీద పడిందేమో తెలియాలంటే పరీక్ష చెయ్యాలి. రేపు చెబుతారు. మాత్రలు మార్చారు.

బ్యాంకాయన సరిగ్గా చెప్పాడు. ఈ ముక్క నాకు మింగుడు పడటం లేదు. వెటకారానికి అన్నా, సరిగ్గానే అన్నాడు. నేను న్యాయం కోసం అన్నా, తప్పుగా అన్నాను. పోనీ, కర్టెన్లు పీకేసింది ఎవరు? మనుషులకి చర్మాలుంటాయని తెలియనివాళ్ళు అలాంటి బస్సు నడపొచ్చా? ఈ అద్దాల సంగతి జనానికి ఎందుకు చెప్పరు? రేపే కాలమ్ రాస్తాను, ఆ కంపెనీని ఉతికి ఆరేస్తాను అని గదిలో అటూ ఇటూ తిరుగుతూ అన్నాను.

అక్క కళ్ళు మూసుకునే ఉంది. రాయకు అంది.

ఎందుకు రాయకూడదన్నాను. పదిమందికి పనికొస్తుందన్నాను.

నా చెంప నీ కాలమ్ కాదే అంది.

తరవాత లేచి కూర్చుంది. అది గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. ఇవాళ కూడా పెంచలేదు. అమ్మ నన్ను ఎండలోంచి లాగి నీడలో కూర్చోబెట్టింది, నా మంచికే అంది. నువ్వు నీడలోంచి లాగి ఎండలో కూర్చోబెట్టావు, నా మంచికే అన్నావు. నీకు ఎక్కడ కూర్చోవాలని ఉంది అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నిన్న ఆ బస్సులో నేను వద్దంటూనే ఉన్నాను. నీ మైకులో నా మాట నీకే వినపడలేదు అంది.

అమ్మతో పోలుస్తావా నన్ను అన్నాను. అమ్మ నీ రంగు చూసి సిగ్గుపడింది, నేను జీవితమంతా ఆ సిగ్గు మీదే యుద్ధం చేశాను అన్నాను. నిజమేనంది. ఇద్దరి చేతులూ ఒక్కలాగే ఉన్నాయి, ఇక్కడ పట్టుకున్నారు అని భుజం చూపించింది.

జవాబు ఉంది నా దగ్గర. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. నిన్న బస్సులో నేను పట్టుకున్నది ఆ భుజమే.

మార్చి 17, మధ్యాహ్నం

కిడ్నీలు బాగానే ఉన్నాయి!

జ్వరం దిగింది. వేళ్ళు కాస్త ముడుస్తోంది. మచ్చ ఉంటుందట కొన్నాళ్ళు.

డాక్టరమ్మ గదిలోకి నేను కూడా లేస్తుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. నువ్వు ఇక్కడే ఉండు, నేను మాట్లాడుకుంటానంది. యాభై ఒక్కేళ్ళదాన్ని, స్కూలు పిల్లలా బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి డాక్టరమ్మ నవ్వు వినిపించింది. ఈ జబ్బులో నవ్వడానికేముంది? లేచి వెళ్ళి అడగాలనిపించింది. కూర్చున్నాను. ఎంత కష్టమో రాస్తే ఎవరూ నమ్మరు.

అక్క బయటికి వచ్చింది, సంతోషంగా ఉంది. ఏం అడిగావన్నాను. నాకు కావలసింది అడిగానంది. ఏం చెప్పిందన్నాను. జ్వరం పూర్తిగా పోయాక అందట. దేని గురించి అంటే చెప్పదు.

టూర్ బస్సు వాళ్ళు మమ్మల్ని వదిలేసి పక్క ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళనీ. అక్కని అడిగాను, ఇంటికి వెళ్దామా, రెండు రోజులు ఉందామా అని. అడిగి నోరు మూసుకున్నాను. అది చాలాసేపు ఆలోచించింది. ఆ ఆలోచన నాకు ప్రాణం మీదికి వచ్చింది. చివరికి ఉందామంది.

మార్చి 19, పొద్దున్నే

హోటల్ ఎదురుగా పార్కు. పూసిన చెట్టు కింద బెంచీ. అక్క నిండుగా కప్పుకుని ఉంది, టోపీ, గ్లోవ్స్, ముఖాన బూడిద. మేజోళ్ళు విప్పి, కాళ్ళు చాపి, నీడ అంచు దాటించి అరికాళ్ళు మాత్రం లేత ఎండలో పెట్టింది. అక్కడ చర్మం మందం కదా, ఓ అయిదు నిమిషాలు పెట్టుకోనిస్తారా అని అడిగిందట డాక్టరమ్మని. సరేనందట.

జాగింగ్ చేసేవాళ్ళు వింతగా చూసి చుట్టూ తిరిగి పోతున్నారు. ఒకడు ఆగి ఏదో అనబోయాడు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

అక్క కాలి వేళ్ళు కదిపింది. జరుగు, నీ నీడ పడుతోంది అంది.

జరిగాను.