ఎడమ వరుసలో రెండో బల్ల

రోడ్ ఐలండ్ రాష్ట్రం, టాలోస్ హార్బర్ ఊరి నివాసినీ, కీర్తిశేషులు జోథమ్ వెస్ట్‌కాట్ గారి భార్యనూ అయిన కెజియా వెస్ట్‌కాట్ అను నేను, యాభై రెండేళ్ల వయసులో, రొమ్ములో గడ్డ ముదిరి ఒళ్లు నీరసించినా, తెలివీ జ్ఞాపకమూ నిలకడగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తంతో రాసిన వీలునామా. దీన్ని అమలు జరిపే బాధ్యత న్యాయవాది బార్నబస్ కోల్ గారిది.

1. ఇల్లు, పెరడు, పాడి ఆవు మా బావగారి కూతురు హల్దాకు చెందాలి. చిన్నాన్న శవపేటిక వెంట బావగారి ఇంటి నుంచి నడిచి వచ్చింది ఆమె ఒక్కతే. నేలమాళిగలో కింది అరలోని సీమదానిమ్మ మురబ్బా పాతది, ముందు అది వాడాలి. ఇల్లు అమ్మదలిస్తే కొనేవారికి ఒక నిజం చెప్పాలి. ఓడల యజమానుల ఓట్లతో గెలిచిన నా భర్త, మనుషులను తెచ్చి అమ్మే ఓడలను నిషేధించాలని శాసనసభలో లేచి, "నా ఇంటి దూలాలు కూడా ఆ పాపపు సొమ్మే" అన్నారు. ఆ మాట ఎవరూ అడిగి రాబట్టినది కాదు. అంత ధైర్యం ఒక మనిషిలో ఎలా పట్టిందో, పాతికేళ్లు అన్నం పెట్టిన నాకే ఇప్పటికీ అంతుబట్టదు.

2. అంచు కాలిన నల్ల టోపీ బావగారు సైలస్ వెస్ట్‌కాట్ గారికి. ఆ నిషేధం చట్టమై, దాని కింద ఆయన ఓడ జప్తయిన వారం, నా భర్త పేరిట గడ్డిబొమ్మ చేసి రేవులో జనం తగలబెట్టారు. దాని తలకు పెట్టిన ఈ టోపీ మా గుమ్మం కొక్కేనిది. ఎవరి పిల్లలు తీసుకెళ్లారో నాకు తెలుసు. టోపీ గట్టిది, ఇంకా పనికొస్తుంది.

3. తోడికోడలు ప్రూడెన్స్‌కు నా ఉన్ని శాలువ. "మా ఓడ ముంచి మీ ఆయన పేరు తేల్చుకున్నాడమ్మా" అని బావి దగ్గర నలుగురిలో అంది. అయినా చలికాలం ఆమెకు దగ్గు ఎక్కువ.

4. ప్రార్థనా మందిరంలో ఎడమ వరుసలో రెండోదైన, చుట్టూ చెక్క అడ్డు కట్టి తలుపు పెట్టిన మా కుటుంబపు బల్ల, వయొలెట్‌కు సర్వహక్కులతో చెందాలి. వయొలెట్ బావగారి ఓడలోనే బానిసగా ఈ రేవుకు వచ్చి, తర్వాత విడుదలై, మా వీధిలో కుట్టుపని చేసుకుంటున్న మనిషి.

చట్టం నెగ్గాక మా బల్ల ముందూ వెనకా ఎవరూ కూర్చోలేదు. ఆ మొదటి ఆదివారమే వయొలెట్, మందిరంలో నల్లవాళ్లను కూర్చోబెట్టే పై మిద్దె దిగి వచ్చి మా పక్కన కూర్చుంది. సంఘపెద్ద వచ్చి, "నీ చోటు పైన కదటే, లే" అన్నారు. నా భర్త టోపీ తీసుకుని, "పద తల్లీ, నాకూ పైనే చోటు చూపించు" అని ఆమె వెంట మెట్లెక్కారు. చనిపోయేదాకా ఆయన అక్కడే కూర్చున్నారు. "పైనుంచి చూస్తే అందరి బట్టతలలూ ఒకటేనే కెజియా" అని నవ్వేవారు. ఏడాదిపాటు ఖాళీగా ఉన్న బల్ల సంఘం పరమవుతుందని మా కట్టడి. అందుకని, "నువ్వు కింద ఉండి చోటు కాయి" అన్నారు. కాశాను. నేను పోతే అది ఖాళీ అయి సంఘానికి పోతుంది.

మామగారి నాటి బల్ల పత్రంలో "వారసులకు గానీ, వారు ఇచ్చినవారికి గానీ" అని ఉంది. ఎలాంటివారికి ఇవ్వకూడదో రాయాలని ఆనాడు ఎవరికీ తోచలేదు. కోల్ గారు చూసి, చెల్లుతుందన్నారు.

5. మందిరం పొయ్యికి ఏటా కట్టెలిచ్చే మా అడవి భూమి, వయొలెట్‌ను ఆ బల్ల మీద కూర్చోనిచ్చినంత కాలం సంఘానిది. అడ్డుపడిన రోజు నుంచి అది ఆమెది.

6. "కెజియమ్మగారూ, నేనక్కడ కూర్చుంటే నన్ను బతకనిస్తారా?" అని వయొలెట్ అడిగింది. తెలియదని చెప్పాను. ఆమెను ఎవరూ బలవంతపెట్టరాదు. ఆ బల్ల తలుపుకు గొళ్లెం లోపలివైపు ఉంటుంది. అది తీయడమూ వేయడమూ ఇకమీదట ఆమె ఇష్టం.

1811 మార్చి 9, శనివారం, మా వంటింటి బల్ల దగ్గర సంతకం చేశాను.

కెజియా వెస్ట్‌కాట్

మా కళ్లెదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
ఎనాక్ థర్బర్, పీపాలు చేసేవాడు
మెర్సీ థర్బర్, అతని భార్య