పోచమ్మ నోట్లో నా గొంతు

జూన్ 9, సోమవారం

పంజాగుట్ట స్టూడియోలో కొత్త పని. సీరియల్ కాదు, ఒక సంస్థవాళ్ళ డాక్యుమెంటరీ. వాన నీళ్ళు గుట్ట మీదే ఇంకాలని కందకాలు తవ్వి, మొక్కలు నాటి, చుట్టూ కంచె వేశారట. వాటర్‌షెడ్. దాంతో ఊరు బాగుపడిందని సినిమా. అందులో పోచమ్మ అనే మేకలామెకు నేను డబ్బింగ్ చెప్పాలి. ఆమె మాట క్లియర్‌గా లేదని డైరెక్టర్ విక్రమ్ అన్నాడు.

జూన్ 10

క్లియర్‌గానే ఉంది. లిప్ సింక్ కోసం మళ్ళీ మళ్ళీ వినాలి కదా, విన్నాను. బోర్లల్ల నీళ్ళొచ్చినయి, భూమున్నోళ్ళు బర్లు కొన్నరు, వాళ్ళకు మంచిగనే ఉన్నది అంటోంది. నాకు గుంటెడు భూమి లేదు, గుట్ట మీదనే మేపుకుంటుంటి, కంచె ఏసిన్రు, సగం మేకలు అమ్మిన, ఇంకో గుట్ట సుత బందు వెడితే ఉన్నయి ఏడ మేపాలె అని అడుగుతోంది.

నా చేతిలో ఉన్న స్క్రిప్టు: మేకలు మానేశాక మా బతుకు మారింది.

ఛీ.

జూన్ 11

చెప్పేశాను. ఆమె పెదాలు 'మేపాలె' అని కలిసిన చోట నా 'మా బతుకు' చక్కగా అతికింది. ఫెయిత్, సింగిల్ టేక్, సూపర్ అని నన్ను మెచ్చుకున్నాడు విక్రమ్. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. అసహ్యం వేసేది దానికే.

జూన్ 15, ఆదివారం

చర్చిలో పాడలేదు. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

జూన్ 27

హోటల్లో షో. ఫండ్ ఇచ్చేవాళ్ళకు నచ్చితే రెండో గుట్టకూ కంచె పడుతుంది. పోచమ్మను తీసుకొచ్చి శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. తెర మీద ఆమె నోరు తెరిచింది. నా గొంతు వచ్చింది. హాలంతా చప్పట్లు.

గీ మాటలు ఎవలియి అని పోచమ్మ విక్రమ్‌ను అడిగిందట. విక్రమ్ పళ్ళికిలిస్తూ నన్ను చూపించాడు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. భోజనాల దగ్గర వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను జెప్తే ఎవ్వలు ఇనలే బిడ్డా, నువ్వు జెప్తే అందరు చప్పట్లు గొట్టిన్రు, గదే గొంతుతోని ఆ గుట్ట ఇడిసిపెట్టమని జర జెప్పరాదూ అంది.

ఫండ్‌వాళ్ళు పక్కనే ప్లేట్లలో మటన్ బిర్యానీ వడ్డించుకుంటున్నారు. నాలుగడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు. వాష్‌రూమ్‌లోకి పోయి తలుపు వేసుకున్నాను. థూ, నా బతుకు.

సెప్టెంబర్ 3

రెండో గుట్టకు ఫండ్ వచ్చేసింది. సెకండ్ పార్ట్ సినిమాకు విక్రమ్ ఫోన్ చేశాడు. పోచమ్మ ఈసారి కెమెరా ముందు నోరే తెరవలేదట. ఇంకా ఈజీ, లిప్ సింక్ బాధ లేదు అన్నాడు.

రానన్నాను.

పర్లేదట. మైత్రీవనం దగ్గర ఇంకో అమ్మాయి దొరికిందట. అచ్చం పోచమ్మ గొంతేనట.

అంటే నాది.