పాకం ముదరాలి

ఏమండీ, గులాబ్ జామూన్ పిండి కలిపి తడిబట్ట కప్పి పెట్టాను. పగుళ్లు లేకుండా ఉండలు చుట్టి సన్నటి సెగ మీద వేయించండి. అవి ఎలా వచ్చినా ఫర్వాలేదు, పాకం దగ్గర మాత్రం నేను చెప్పినట్టే చేయండి. తీగ వచ్చాక కూడా స్టవ్ ఆపకండి. ముదరనివ్వండి.

నాకేం మతి పోలేదు. నిన్న సాయంత్రం మీరు డ్యూటీకి వెళ్లాక పాకం నా చేతిలో ముదిరిపోయింది. పారబోయడానికి మనసొప్పక, చల్లారాక ఒక చుక్క మామయ్యగారి నాలుక మీద పెట్టాను. పక్షవాతం వచ్చిన ఈ నలభై రోజుల్లో ఒక్క మాట మాట్లాడని మనిషి, మొహం చిట్లించి "ముదిరింది" అన్నారు. స్పష్టంగా అన్నారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. పొద్దున సరిగ్గా కాచిన పాకం పెడితే మింగేసి గోడవైపు తిరిగారు.

జీవితమంతా మిఠాయి కొట్టులో పాకం కాచిన మనిషి. బాగా కుదిరితే ఆయన ఎప్పుడు ఏమన్నారు గనక?

పాకం చెడితే ఆయన తిట్టే తిట్లకు భయపడి మీరు ఈ పని నేర్చుకోలేదని నాకు తెలుసు. ఇవాళ ఆ తిట్లే కావాలండీ. నాకు ఇంకే దారీ తోచడం లేదు. షిఫ్టుకు టైమైంది, వెళ్తున్నాను.

ముదురు పాకానికీ పలకకపోతే మాడ్చేయండి, కొత్త గిన్నె అయినా సరే. అది పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చోండి. తిట్టడం మొదలుపెడితే మాత్రం లేచి వెళ్లిపోకండి, నేను వచ్చేదాకా తిట్టించుకోండి.